సీకే పలకడం లేదు

"ఆ పిల్లగానికి ఏమన్న అయిందేమోరా ఇవానూ. జెర కనుక్కో."

డోరా ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఎన్నోసారో. కొడుకు లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు.

ఇవాన్, ఇంకా దేశదేశాల కుర్రాళ్ళు కొందరు కలిసి, ఉద్యోగాలు చూసుకుంటూనే జీతం లేని పనొకటి చేస్తుంటారు. ఆసుపత్రులూ బడులూ దుకాణాలూ నడిపే కంప్యూటర్ల వెనకాల ఉండి పనిచేసే సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేస్తారు. కొత్తది నిలకడగా నడుస్తుందని, మధ్యలో కూలబడదని రాసినవాళ్ళందరూ ఒప్పుకుంటేనే బయటికి వదులుతారు.

ఈసారి అందరూ సరేనన్నారు. ముఖ్యమైన భాగం రాసిన సీకే ఒక్కడే పలకడం లేదు. సీకే అన్నది గ్రూపులో పెట్టుకున్న పేరు. అసలు పేరేమిటో, ఏ దేశమో ఎవరికీ తెలియదు. నెల నుంచి అడుగుతున్నా ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే అతని పేరు తీసేసి ముందుకు పోదామని ఇవానే తేల్చాడు.

"మీరందరు ఏమని రాసిండ్రు వానికి?" అంది డోరా.

ఇవాన్ విసుక్కుంటూనే చదివాడు. పని ఎందాకా వచ్చిందని ఒకరు. పెద్దవాడివైపోయావు, ఇక మేమేం కనబడతామని ఇంకొకరు. పెళ్ళిగాని చేసుకున్నావా అని మరొకరు. చేతకాకపోతే తప్పుకో అన్నది మాత్రం ఇవాన్ రాసిందే.

"మంచిగున్నవా అని ఒక్కరు సుత అడగలేదా?"

"మమ్మీ, నేను బాత్రూంల జెర లేటైతేనే తలుపు కొడ్తవు నువ్వు. ఆయన బిజీ ఉన్నడు, అంతే."

"వానికి సుత తల్లుంటది కదరా. ఫోను ఇటియ్యి, నేనే అడుగుత."

తెలుగు అక్కడెవరికి అర్థమవుతుందని నవ్వాడు ఇవాన్. అయినా ఆమె పోరు పడలేక, వాయిస్ మెసేజ్ గుర్తు నొక్కిపట్టి ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"బాబూ, నేను ఇవాన్ వాళ్ళమ్మను, సికింద్రాబాదుల మెట్టుగూడ. పని సంగతి పక్కన పెట్టు బిడ్డా. పానం మంచిగున్నదా? యాళకు తింటున్నవా? ఒక్క మాట చెప్పు, చాలు."

గ్రూపులో నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. ఇదేం భాష అని ఎవరో అడిగారు. సీకే దగ్గర్నుంచి మాత్రం ఏమీ లేదు. డోరా బియ్యం కడిగింది, కూర తరిగింది, ముఖం తెలియని ఆ పిల్లాడి కోసం ప్రభువును వేడుకుంది. మధ్యమధ్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఫోను చూసి పోయింది. దీపాలు వెలిగే వేళయింది. సీకే పేరు కొట్టేయడానికి ఇవాన్ మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

అప్పుడు మోగింది ఫోను. సీకే దగ్గర్నుంచే. వాయిస్ మెసేజ్.

"సూసినవా, బతికే ఉన్నడు నీ కొడుకు," అని తల్లిని ఆటపట్టిస్తూ నొక్కాడు. డోరా గుండె కుదుటపడింది.

వినిపించింది ఎవరో పెద్దామె గొంతు.

"అమ్మా, నేను కాలేబు వాళ్ళమ్మను, మీ దగ్గర్నే, మౌలాలి. నా కొడుకు పోయి నెలాయె. వాని ఫోను దినాం మోగుతనే ఉంటది. ఇంగ్లీషు నాకు రాదు. గింతమంది వాణ్ణి ఏం అడుగుతున్నరమ్మా?"