నాలుగు కే తెర

షాపు కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ తన పాత ల్యాప్‌టాప్‌కి ఒకే ఒక్క బటన్ మార్పించుకుంటోంది.

“మళ్ళీ డబ్ల్యూయేనా మేడమ్? ఏడాదిలో ఇది మూడోది,” అన్నాడు సేల్స్‌మన్.

“అరిగిపోతోంది నాయనా. నా వేళ్ళూ దానికి తోడయ్యాయి,” అంటూ ఆవిడ ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంది.

వెనకాల నిలబడ్డ కుర్రాడికి ఓపిక నశించింది. ఓపిక నశించడానికి వాడికి సాధారణంగా పదకొండు సెకన్లు పడుతుంది.

ఆన్‌లైన్ ఆటలో వాడి పేరు మెరుపు. ఇంట్లో వేరే పేరుంది కానీ, దానికి పలకడం మానేసి మూడేళ్ళయింది.

మర్నాడు ఉదయం పది గంటలకి జోడీల ఎంపిక పోటీ. గెలిస్తే పెద్ద జట్టులో చోటు. ఓడితే బావ ఇనప కొట్టులో మేకులు తూచే చోటు. బావ అప్పుడే తక్కెడ తుడిచి సిద్ధంగా ఉంచాడు.

వాడి జోడీ పేరు తాబేలు. మూడేళ్ళుగా కలిసి ఆడుతున్నారు గానీ, ఒకరి మొహం ఒకరు చూడలేదు. గొంతు కూడా వినలేదు. తాబేలు ఏం చెప్పాలన్నా టైపు చేయడమే.

మెరుపు అంచనా ప్రకారం తాబేలు ఆరున్నర అడుగుల మనిషి. మెడ మీద పులి పచ్చబొట్టు కూడా ఉంటుంది. ఆధారాలేమీ లేవు, ఆటలో ఆ తెగువ చూసి తేల్చాడు.

“రేపటిదే నా ఆఖరి పోటీ. తర్వాత ఆడటం కుదరదు,” అని పొద్దున్నే తాబేలు రాశాడు.

పాపం, పెళ్ళి కుదిరినట్టుంది అనుకున్నాడు మెరుపు.

“అన్నా, ఆ నాలుగు కే తెర ల్యాప్‌టాప్ ఇలా ఇవ్వు,” అన్నాడు సేల్స్‌మన్‌తో.

నెలరోజులుగా వాడు రాత్రనక పగలనక వీడియోలు చూసి పరిశోధించాడు. అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నదే మంచిదని తేల్చాడు.

“ఇదీ, ఈ పక్కనున్న ఫుల్ హెచ్‌డీదీ లోపల బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు ఒకటే తమ్ముడూ. తెరే తేడా,” అన్నాడు సేల్స్‌మన్.

మెరుపు అందులో తన ఆట తెరిచాడు. పైన మూలన తన పేరు వెలిగింది. కింద పచ్చిక. గడ్డిపోచ మీద మంచుబొట్టు కనిపించింది. మంచుబొట్టులో ఇంకో గడ్డిపోచ కనిపించింది. ఇంకాసేపు చూస్తే దాని మీద పాకే చీమ వయసు కూడా తెలిసేదే.

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని తెర వంక చూసింది. తర్వాత వాడి మొహం వంక చూసింది. ఎందుకో నవ్వుకుంది.

“బాబూ, ఇది వద్దు. ఆ ఫుల్ హెచ్‌డీది తీసుకో.”

“ఎందుకాంటీ?”

“ఇంత చిన్న తెర మీద ఆ తేడా నీ కంటికి ఆనదు. ఆ కార్డు మాత్రం నాలుగింతలు చాకిరీ చెయ్యాలి. బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. కదలదంతే.”

“కదలకపోతే ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాలెండి.”

“నవ్వులాట కాదయ్యా. ఆడేది నువ్వొక్కడివే కాదుగా? నీ పక్కన ఆడేవాళ్ళ గురించైనా ఆలోచించు.”

“ఆంటీ, సీరియల్ చూసుకోడానికి మీకు ఏ తెరయినా చాలు. ఇవి ఆటల సంగతులు. మీరు వదిలెయ్యండి.”

షాపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ కొత్త బటన్ సరిగ్గా పడుతోందో లేదో నాలుగుసార్లు నొక్కి చూసుకుంది. ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సరిగ్గా పదింటికి పోటీ మొదలైంది.

కొత్త ల్యాప్‌టాప్ ఫ్యాను విమానంలా మోత అందుకుంది.

“ఒరేయ్, మిక్సీ ఎవర్రా వేసింది?” వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

ముందుకు ఉరకాలంటే డబ్ల్యూ నొక్కాలి. మెరుపు నొక్కాడు. తెర మీది వీరుడు ఆలోచనలో పడ్డాడు. కాసేపటికి ఒక కాలు లేపాడు. బూటు కుట్లు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు.

“రిజల్యూషన్ ఫుల్ హెచ్‌డీకి తగ్గించు. తొందరగా,” తాబేలు టైపు చేశాడు.

తగ్గించడం నిమిషం పని. కానీ నాలుగు కే కొని తగ్గించుకుని ఆడటమంటే, కారు కొని తోసుకుంటూ వెళ్ళడమేనని మెరుపు సిద్ధాంతం.

“తెర సూపర్. నెట్టే స్లో,” అని కొట్టాడు.

తాబేలు ఒక్కడే ముందుకెళ్ళి ఎదుటి జోడీలో ఒకణ్ణి పడగొట్టాడు. రెండోవాడు మెరుపు వెనక్కి చేరాడు. మెరుపు తిరిగాడు. తెర తిరగలేదు.

తాబేలు పరుగున వచ్చి, అడ్డం నిలబడి, వాడికి తగలాల్సిన దెబ్బ తను తిని పడిపోయాడు. ఆ తర్వాతి దెబ్బకి మెరుపూ పోయాడు. తను పోయిన సంగతి వాడికి మూడు సెకన్లు ఆలస్యంగా తెలిసింది.

తెర నిండా “ఓటమి” అని వచ్చింది. అంత స్పష్టమైన ఓటమిని ఆ వీధిలో అంతవరకూ ఎవరూ చూసి ఉండరు.

మెరుపు మెల్లగా టైపు చేశాడు.

“సారీ అన్నా. నీ ఆఖరి పోటీ పాడు చేశా. నెట్ దెబ్బ కొట్టింది.”

అవతలివాళ్ళు టైపు చేస్తున్నట్టు మూడు చుక్కలు కనిపించాయి. ఆగాయి. మళ్ళీ కనిపించాయి.

జవాబు వచ్చింది.

“నెట్ కాదు బాబూ, తెర. పోనీలే, మూడేళ్ళూ నాతో బాగా ఆడావు. ఈ వేళ్ళు ఇంక మాట వినవు గానీ, నిన్న షాపులో నువ్వన్నట్టే, హాయిగా సీరియల్ చూసుకుంటాను.”