దిండు కింద తాబేలు

తెర వెనక ఉన్నది ఆవిడ కాదు. మొతాహర్‌కి ఆ సంగతి తెలుసు. ఆ ఒక్క మాట పైకి అనేస్తే చాలు, మేఘనా నది ఒడ్డునున్న భూమంతా అతనిదైపోతుంది.

కానీ అతను ఇంకా కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

హాలు మధ్య వెదురు తెర వేలాడుతోంది. ఇవతల కుర్చీలో జిల్లా కలెక్టరు దొర చెమటలు తుడుచుకుంటున్నాడు. అవతల జమీందారిణి కరీమున్నెసా బేగం. మొతాహర్‌కి మేనత్త, ఫుఫు అని పిలుస్తాడు. పరాయి మగవాడి కంట పడకుండానే జుట్టు నెరిసిన మనిషి. అందుకే దస్తావేజు రాయించుకోవడానికి దొరే పడవెక్కి ఆమె ఇంటికి వచ్చాడు.

"ఏటి ఒడ్డు భూమంతా ఆడవాళ్ళ ఆసుపత్రికి వక్ఫుగా, శాశ్వత ధర్మంగా ఇస్తున్నాను," అంది తెర వెనక గొంతు. జబ్బుతో బొంగురుపోయిన గొంతు. మాట మాటకీ దగ్గు. "అందులో లేడీ డాక్టరే ఉండాలి. మగ డాక్టరుకి చెయ్యి చూపించలేక మా తమ్ముడి పెళ్ళాం పురిట్లోనే పోయింది. ఇంకో ఆడది అలా పోకూడదు."

అలా పోయింది మొతాహర్ తల్లే. అతన్ని పెంచింది ఈ మేనత్తే. మొతాహర్ తల దించుకున్నాడు.

అయినా కళ్ళు అబద్ధం చెప్పవు కదా! తెల్లవారుజామున వైద్యం చేసే హకీం కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళడం అతను చూశాడు. జెనానా వైపు నుంచి శవస్నానానికి వాడే కర్పూరం వాసన వచ్చింది. ఆడవాళ్ళందరినీ లోపలికి పిలిచి తలుపులు వేసేశారు. మేనత్త పోయింది. దస్తావేజు మీద ముద్ర పడేదాకా ఆ సంగతి దాచి, ఏ దాసీనో ఆమె పీట మీద కూర్చోబెట్టారు.

"ఏం చూస్తున్నావు బాబూ?" వకీలు అబ్బాస్ మియా చెవిలో గొణిగాడు. "నువ్వు తప్ప వారసుడెవరున్నారు? ఆ కాయితం మీద ముద్ర పడిందా, నీకు మిగిలేది పెరట్లో కొబ్బరిచెట్ల నీడే!"

మొతాహర్‌కి దిలారా గుర్తొచ్చింది. పెళ్ళయి నెల తిరగలేదు. రోజూ పొద్దున్నే ఇద్దరికీ కలిపి ఒకటే కప్పు టీ, గుప్పెడు మరమరాలు. "ఇంకో అల్లరి చెప్పండి, ఇంకొక్కటే!" అని వేధించి, విని, టీ ఒలికిపోయేలా నవ్వుతుంది. ఈ భూమి చేతికొస్తే ఢాకాలో మేడ కట్టి ఆ నవ్వుని రాణీలా చూసుకోవచ్చు.

లేచి నిలబడ్డాడు.

"దొరగారూ! లోపలున్నది మా ఫుఫు కాదు!"

హాలంతా కలకలం రేగింది. దొర మొహం కందిపోయింది.

"మోసమా? అదే నిజమైతే ఆ మనిషిని తెర బయటికి ఈడ్పిస్తాను. అందరి ముందూ నడిపించి జైలు పడవ ఎక్కిస్తాను!" గుమ్మం దగ్గర జవాన్లు సర్దుకుని నిలబడ్డారు. "రుజువేదీ?"

తెర వెనక గొంతు కిసుక్కుమంది.

"ఒరేయ్ మొతాహర్! పెళ్ళాం రాగానే చెవులు కూడా దానికే రాసిచ్చేశావా? నా గొంతు ఆనవాలు పట్టలేవూ?"

దొర పక్కనున్న రాత మున్షీలు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు. మొతాహర్‌కి రోషం వచ్చింది.

"అయితే చెప్పు! చిన్నప్పుడు నా దిండు కింద ఏం దాచాను?"

"తాబేలు పిల్లని. దానికి చలేస్తోందని నా పట్టు దుప్పటి చింపి కప్పావు. తెల్లారేసరికి పక్కంతా తడి. నువ్వే తడిపావని దాది వీపు చీరేసినా తాబేలు ఊసెత్తలేదు." గొంతు కాసేపు దగ్గింది. "దానికేం పేరు పెట్టావో కూడా చెప్పనా, ఈ దొరగారి ముందే?"

"వద్దు!" అన్నాడు మొతాహర్ గబుక్కున. ఆ తాబేలు పేరు కలెక్టరు.

చిన్నప్పుడు ఆ తాబేలు సంగతి ఫుఫుకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొంపదీసి బతికే ఉందా? మరి హకీం కన్నీళ్ళేమిటి?

వకీలు మోచేత్తో పొడిచాడు. "దాసీలతో వాగి ఉంటుందయ్యా! నువ్వు సొంత మేనల్లుడివి. నీ దగ్గర ఆవిడకి పరదా ఏమిటి? లోపలికెళ్ళి చూడు!"

"అవును, వెళ్ళు," అన్నాడు దొర. "చూసొచ్చి ఒక్క మాట చెప్పు. నీ మాటే సాక్ష్యం."

మొతాహర్ తెర ఎత్తి లోపలికి వెళ్ళాడు.

హాల్లో పంకా తాడు కిర్రుమంటోంది. వకీలు అప్పుడే గెలిచినట్టు మీసం దువ్వుకుంటున్నాడు. తెర వెనక మాటల్లేవు. ఒక్కసారి గాజు చిన్నగా మోగింది, అంతే.

మొతాహర్ బయటికి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చెప్పు బాబూ, చెప్పు! ఎవరది?" వకీలు ఆగలేకపోయాడు.

మొతాహర్ గుమ్మం దగ్గరున్న జవాన్లని చూశాడు. దొరని చూశాడు.

"పొరబడ్డాను, క్షమించండి. లోపలున్నది మా ఫుఫే. ముద్ర వేయించండి దొరగారూ."

వకీలు చేతిలో గొడుగు కిందపడింది.

ముసలి దాది దస్తావేజు లోపలికి పట్టుకెళ్ళింది. కరిగిన లక్క వాసన వచ్చింది. కాయితం ఎర్రటి ముద్రతో తిరిగొచ్చింది. దొర సంతకం గీకి, తెర వైపు తలవంచి సలాం చేసి, పడవ వైపు వెళ్ళిపోయాడు. మొతాహర్ మాత్రం తెరకి అడ్డంగా, కదలకుండా అలాగే నిలబడ్డాడు.

అతని వెనక, తెల్లవారుజామున కన్నుమూసిన బేగం ముద్ర ఉంగరం జారిపోకుండా వేలు మడిచి పట్టుకుని, ఎరుపింకా తగ్గని పెళ్ళి గోరింటాకు చేతులతో దిలారా కూర్చుని ఉంది.