సీనైల్ అంటే ఏంది?

సత్తయ్య నూలు కండె ఉన్న నాడె విసిరాడు. అది మగ్గం అటువైపు పోయి పడింది. తిరిగి రాలేదు.

"బావా! చెయ్యి కదుపుతవా, బొట్టు వెట్టి పిలవాల్నా?"

ఆశన్న పలకలేదు. అంచు రంగు దగ్గర మాటామాటా పెరిగినప్పటి నుంచి ఇదే వరస. అదే సత్తయ్య కడుపుమంట.

తిరుపతి దేవుడికి పోయే పంచె అది. గద్వాలలో ఆ నేత దక్కడమే ఇంటికి పెద్ద మర్యాద. ఆ వెడల్పుకు ఒక్కడి చేతులు చాలవు. ఇటొకరు, అటొకరు కూర్చుని నాడె అందించుకోవాలి. ఇప్పుడేమో సత్తయ్యే మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని, మగ్గం చుట్టూ తిరిగి నాడె తెచ్చుకుంటున్నాడు. నత్తకూ ఆ పంచెకూ పందెం పెడితే నత్త మధ్యలో ఓ కునుకు తీసి కూడా గెలుస్తుంది.

పొద్దున, ఆ పంచెకు నూలిచ్చి నేయించే సంస్థానం నుంచి కోటు తొడుక్కున్న కొత్త అధికారి వచ్చాడు. సత్తయ్య బావను తిడుతుంటే గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. "సీనైల్" అని గొణిగాడు. అమావాస్యలోగా పంచె కాకపోతే నూలు వేరే ఇంటికి పోతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

సత్తయ్య మిషను బడి పంతులు యోసేపు దగ్గరికి ఉరికాడు.

"సీనైల్ అంటే ఏంది, యోసేపూ?"

యోసేపు సుద్దముక్క కింద పెట్టాడు. "నీకెందుకు పెద్దయ్యా?"

"చెప్పరాదూ!"

"ముసలితనం మాట. ముసలి చెట్టును గట్ల అనరు. ముసలెద్దును అనరు. మనుషులకే వాడుతరు."

"తల నెరిస్తే అంటరా?"

"నెరిస్తే కాదు, మతి చెదిరితే. చెప్పిందే చెప్తరు. తమ తప్పు పక్కోళ్ళ మీద ఏస్తరు. ఉన్నది లేదంటరు..." యోసేపు అక్కడ ఆగిపోయాడు.

సత్తయ్య తొడ చరిచాడు. "అచ్చం మా బావనే! కోటాయన ఒక్క చూపుల పసిగట్టిండు సూడు!"

యోసేపు నవ్వలేదు. సత్తయ్యకు ఒళ్ళు ఇంకా మండింది. ఊరంతా ఇంతే. బావను ఒక్క మాట అంటే చాలు, అందరికందరూ నేలచూపులు చూస్తారు.

ఇంటికొచ్చి గుంటలోకి దిగాడు.

"ఇన్నవా బావా? నిన్ను ఇంగ్లీషుల తిట్టిండు. ఇంటి మర్యాద పోతుంది, జర చెయ్యి కదుపు. వచ్చే ఏడు పంచెకు అంచు రంగు నీ ఇష్టం. నేనే ఓడిపోయిన, సరేనా?"

విసిరాడు. నాడె రాలేదు. సత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పొయ్యి దగ్గరున్న కోడలు భూలక్ష్మి లేచి, చేతులు కడుక్కుని వచ్చి, ఆశన్న కాలం చేసిన నాటి నుంచి ఖాళీగా ఉన్న అటువైపు పీట మీద కూర్చుని, నాడె అందుకుని మామ వైపు విసిరింది.