పెద్దవీధి కొట్టు

ఎడ్లబళ్ల కాలంలో నాగులవరం బజారుకు ముగ్గుపోసినవాళ్లు పెద్దవీధిని రెండు బళ్లు తప్పుకునేంత వెడల్పుగా, వెనక సందును మనుషులు నడిచేంత ఇరుకుగా వదిలారు. తండ్రి పోయాక భ్రమరాంబ పట్టుబట్టి పెద్దవీధిలోని గాజుల కొట్టు తీసుకుంది. సందులోని చిన్న కొట్టు చెల్లెలు తాయారుకు మిగిలింది.

తర్వాత డ్రైవర్లు లేని సరుకుల బళ్లొచ్చాయి. వాటికి వెడల్పు దారి కావాలని పెద్దవీధికి రెండు వైపులా కంచె కట్టారు. భ్రమరాంబ కొట్టు మెట్లెక్కే మనిషే లేకుండాపోయాడు. బళ్లు దూరలేని సందులోకే జనమంతా మళ్లారు.

రెండేళ్లు ఓర్చుకుని, ఒక ఉదయం ఆమె కొట్టు మూసి చెల్లెలి దగ్గరికి వెళ్లింది. తాయారు ఒక పెళ్లికూతురికి గాజులు తొడుగుతోంది.

"పెద్దవీధి కొట్టు నీకిమ్మన్నాడే నాన్న. ఆ మాట నేనే దాచాను," అంది భ్రమరాంబ.

తాయారు చేతులు ఆగిపోయాయి.

"పోయేముందు నా గురించి ఏమన్నా అన్నాడా అని ఎన్నిసార్లు అడిగానక్కా. ఏమీ అనలేదన్నావు."

"అన్నాను."

"కొట్టు పోతే పోయింది. ఆ మాటైనా చెప్పాల్సింది."

తాయారు కళ్లు తుడుచుకుని పెళ్లికూతురి చేతిని మళ్లీ అందుకుంది. అక్కను కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు.