కౌంటర్‌కి ఇవతల

“తలనొప్పికి ముందు కళ్ళముందు మెరుపుల్లాంటివి కనిపిస్తాయా? అయితే పిల్లలు పుట్టకుండా వేసుకునే ఈ మాత్రలు వద్దమ్మా, పక్షవాతం వచ్చే ప్రమాదముంది. ముందు డాక్టర్‌కి చూపించుకోండి.”

మందుల షాపాయన ఆవిడని పంపించి తలెత్తేసరికి, ఎదురుగా తన భార్య నిలబడి ఉంది.

“అక్కడున్నావేం? లోపలికి రా.”

“ఇక్కడే బాగుంది. ఆవిడని అడిగినట్టే నన్నూ అడుగు.”

“అడిగేదేముంది? నీకు మెరుపులొస్తాయని నాకు తెలీదా! నుదుటికి మందు రాసేది నేనేగా?” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

“అంటే, తెలిసే ఇన్నేళ్ళూ ఆ మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టావన్నమాట.”

“ఇంట్లో మనిషివి కదా, అంత ఆలోచించలేదు. పోనీ, కాపర్‌టీ వేయించుకో. దాంట్లో హార్మోన్లుండవు.”

“పొద్దున డాక్టరమ్మకి చూపించుకున్నాను, అదీ చెప్పింది. మగాళ్ళకి చేసే చిన్న ఆపరేషన్ గురించీ చెప్పింది. మనకిక పిల్లలు వద్దుగా, ఈసారి నువ్వు చేయించుకో.”

అతని మొహం పాలిపోయింది. “దానివల్ల నాకేమన్నా అవుతుందేమో కనుక్కున్నావా?”

ఆమె తన సంచీలోంచి మాత్రల అట్ట తీసి కౌంటర్ మీదకి విసిరికొట్టింది.

“చూశావా, నీ ఒంటి దాకా వచ్చేసరికి ఎంత చక్కగా అడిగావో!”