నీటిరంగుల పన్నీరుబుడ్డి

భూపేష్‌కు అర్జెంటుగా ఒక దొంగ కావలసి వచ్చాడు.

తండ్రి పోయాక పెద్దమనుషుల ముందు పంపకం జరిగింది. ఆత్మకూరు పొలమంతా భూపేష్‌కు. ఎప్పుడో కడప నవాబుల ఇంటి వేలంలో తాత కొన్న గాజు సామాను అక్క శివజ్యోతికి. ఆమె కొత్త ఇల్లు కట్టుకునేదాకా సామాను తమ్ముడి దగ్గరే ఉంటుంది. అతను అమ్ముకుంటే మాత్రం పొలంలో సగం ఆమెకు రాసివ్వాలి. దొంగలు ఎత్తుకుపోతే ఏం చేయాలో పెద్దమనుషులు చెప్పలేదు. పెద్దమనుషులెప్పుడూ అంతే.

భూపేష్ సామానంతా గుట్టుగా ఒక బెంగళూరు సేటుకు అమ్మేశాడు. అమ్మే ముందు డ్రాయింగు మాస్టరు జ్ఞానరాజును పిలిపించి, పన్నీరుబుడ్లకూ అత్తరు సీసాలకూ దీపాలకూ ఒక్కొక్కదానికి నీటిరంగుల బొమ్మ వేయించాడు. పోయిన సామాను ఇదీ అని చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. కళ మీద అంత గౌరవం.

తర్వాత తన పెరటి తలుపు తానే పగలగొట్టుకుని, స్టేషనుకు పోయి ఏడ్చాడు. ఏడుపు బాగా వచ్చింది. తండ్రి చచ్చినప్పుడు మిగుల్చుకున్నది.

ఎస్సై బొమ్మలు తిరగేశాడు. "ఎవరి మీదన్నా అనుమానం ఉండాదా?"

"ఆ జ్ఞానరాజే సార్. అంచు మీద గీతలు గూడా ఇడవకుండా ఏసినాడు. దొంగ గాకుంటే అంత ఇదిగా ఎవుడు చూస్తాడు?"

మాస్టరును తెచ్చి స్టేషనులో కూర్చోబెట్టారు. బాగా గీసినందుకు ఆయనకు దక్కిన మొదటి గుర్తింపు అది.

శివజ్యోతి తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. "పోతే పోయినాయిలేప్పా. నువ్వేం చేస్తావు" అంది. పైగా గృహప్రవేశానికి పిలిచింది. పిచ్చిది అనుకుంటూ భూపేష్ కొత్త చొక్కా తొడుక్కుని పోయాడు.

గుమ్మం పక్కన జ్ఞానరాజు కాఫీ తాగుతున్నాడు. భూపేష్ మొహం చిట్లించాడు. "నిన్ను ఇడిచిపెట్టినారా మాస్టరూ?"

"సామాను దొరికినాక నాతో ఏం పనప్పా వాళ్లకి?"

లోపల అద్దాల బీరువా ముందు ఎస్సై నిలబడి, ఒక్కో బొమ్మనూ ఒక్కో గాజు సీసా పక్కన పెట్టి సరిచూసుకుంటున్నాడు.

శివజ్యోతి ఎదురొచ్చి తమ్ముడి మీద నాలుగు చుక్కల పన్నీరు చల్లింది.

"రాప్పా లోపలికి. నీ పొలంలో సగం ఎంత పలుకుతాదో కనుక్కున్నాకనే ఆ బెంగళూరు సేటును నీకాడికి పంపినా."