తమలపాకు కుండీ

ఆ రోజు ఇంట్లో మా మేనత్త, ఆమె కూతురు కల్పన వదిన, నేను ఉన్నాం. నాచారంలో వాళ్లింట్లోనే ఉండి ఇంటర్ చదువుతున్నాను.

పెరట్లో ఎండ పడదని నేను ఏరి తెచ్చి కుండీలో పెట్టిన తమలపాకు తీగ మాడిపోయింది.

"ముట్టుల ఉండి పట్టుకున్నవా?" అంది అత్త, పెరట్లో కుండీ ముందు నిలబడి.

"లేదత్తా. అది నీడల మంచిగ పెరుగుతది. ఎండల పెడితేనే మాడతది."

"ఎండల ఎవలు పెట్టిన్రే?"

ఫొటో కోసం కుండీని డాబా మీదికి తీసుకెళ్లి, నాలుగు రోజులు మరిచిపోయింది వదిన. చెప్పనని మాటిచ్చాను. ఆమే చెబుతుందని చూశాను.

"ఇదే ముట్టిందమ్మా. నేను జూసిన," అంది వదిన.

"బట్టలు సదురుకో. మీ నాయినను రమ్మంటా," అంది అత్త.

"వదినా, నా పుస్తకాలు లోపలున్నయ్..."

"లోపలికి రాకు. అంతా అంటయితది," అంటూ వదిన లోపలికెళ్లి తలుపేసింది.